గడపకు వేపాకు కట్టిన జ్వరం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్జికల్ వార్డులో నేను నర్సుని. వెంబకోట్టై వైపు టపాసుల ఫ్యాక్టరీకి వెళ్ళే వ్యాను బోల్తాపడి, రామలక్ష్మి మా దగ్గరికి వచ్చింది. స్ప్లీన్, అంటే ప్లీహం, చితికిపోయింది. తీసేయక తప్పలేదు.

ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడే పిల్ల. డిశ్చార్జినాడు ఆమె దిగులంతా కడుపు గురించే.

"తీసింది స్ప్లీను గదక్కా, కడుపెందుకు చెడిపోతా ఉండాది?"

పేగుల్లో మనకు మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుందనీ, యాంటీబయాటిక్స్ దాన్ని చెదరగొడతాయనీ చెప్పాను. స్ప్లీన్ లేకపోవడం వల్ల కూడా దాని పొందిక మారుతుందా అని డాక్టర్లు ఇంకా పరిశోధిస్తున్నారు. కడుపు మజ్జిగతో, కంబు, అంటే సజ్జల, గంజితో నెమ్మదిగా సర్దుకోవచ్చు. రక్తంలోకి దూరిన క్రిమిని పట్టుకునే స్ప్లీన్ కాపలా మాత్రం జన్మలో తిరిగి రాదు. అందుకే టీకాలు వేశాం, ఇంట్లో ఉంచుకోమని యాంటీబయాటిక్ మాత్రలిచ్చాం. జ్వరమొస్తే మాత్ర మింగి వెంటనే ఆసుపత్రికి రమ్మని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. పక్కనే ఆమె అత్త తల ఊపింది.

ఏడాది తిరక్కముందే రామలక్ష్మి ఫోను. గొంతు పీలగా ఉంది.

"అక్కా, జొరం. ఒళ్ళంతా మచ్చలు. అమ్మ పోసిండాదని అత్త వేపాకు కట్టేసింది. మాత్రలు దాచిపెట్టింది."

మా వైపు ఒంటిమీద పొక్కులతో జ్వరమొస్తే అమ్మవారు వచ్చిందంటారు. గడపకు వేపాకు కడతారు. మందు ముట్టరు, బయటివాళ్ళను రానివ్వరు.

"నీటి పొక్కులా?"

"లేదక్కా. చదునుగా, వంకాయ రంగులో ఉండాయి."

"గాజు గ్లాసుతో మచ్చ మీద అదిమి చూడు. మాయమవుతోందా?"

"లేదు."

అదిమినా పోని మచ్చంటే చర్మం కింద రక్తం కారుతున్నట్టు. అది సెప్సిస్, రక్తంలో పాకే విషం. స్ప్లీన్ లేనివాళ్ళను గంటల్లో మింగేస్తుంది. అంబులెన్స్ తీసుకుని కడంబూరు దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళాను.

అత్త గడపకు అడ్డం నిలబడింది. "నువ్వూ మనోళ్ళ పిల్లవే గదమ్మా. అమ్మ ఉండే ఇంట్లోకి చెప్పులతో వస్తావా?"

"చెప్పులు విడుస్తాను. పిల్లను విడవను," అన్నాను.

"అమ్మకు కోపమొస్తే?"

"నా మీద రానీ."

ఇంతలో రామలక్ష్మే గోడ పట్టుకుని బయటికొచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు మాత్రం అత్త మీదే ఉన్నాయి. "అమ్మ నా మింద వచ్చింటే నా కూడానే ఆస్పత్రికి వస్తాది. తప్పుకో అత్తా." అత్తను చేత్తో పక్కకు నెట్టి అంబులెన్సెక్కింది.

మా ఆసుపత్రి చాలదని విరుదునగర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం, చేరేసరికి బీపీ అందలేదు. ఐసీయూలో చాలా రోజులుంది. రక్తం అందక రెండు కాలివేళ్ళు పోయాయి, మనిషి దక్కింది.

నేనూ అమ్మవారికి పొంగలి పెట్టేదాన్నే. భక్తి మీద నాకు కోపం లేదు, మాత్రలు దాచిన చేతుల మీద ఉంది. ఇప్పుడు స్ప్లీన్ తీసిన ప్రతి మనిషి ఇంటివాళ్ళనూ మంచం చుట్టూ నిలబెట్టి, జ్వరం మాటతోపాటు వేపాకు మాట కూడా మొహం మీదే చెబుతున్నాను. పేషెంటుకు చెబితే సగమే చెప్పినట్టని ఆ గడప నేర్పింది. కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ.

ఆ అత్త ఇప్పటికీ నాతో మాట్లాడదు. కోడలితో మాత్రం రోజూ గొడవేనట. పడనివ్వండి. గొడవ పడటానికి కోడలుంది.