కేబిన్ మెట్లు దిగి వచ్చిన మా కరుణక్క

కరుణక్క ఇక లేదు.

ఈ ఒక్క ముక్క టైప్ చేసి ఎంతసేపైందో. పోస్ట్ చెయ్యడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న పొద్దున తన ఫ్రెండ్ రిక్వెస్ట్ వచ్చింది. కూతురు గ్రేస్ ఇంట్లో కంప్యూటర్‌లో అకౌంట్ తెరిచి ఇచ్చిందట. ఫోన్ చేసి ఆటపట్టిస్తే పగలబడి నవ్వింది. మధ్యాహ్నం అదే నంబర్ నుంచి మళ్లీ ఫోన్. అక్కే అనుకుని "ఏంటక్కా?" అన్నాను.

అక్క కాదు, గ్రేస్.

"అమ్మ పోయింది మామయ్యా" అంది.

అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కుర్చీలో కూర్చుందట. అంతే. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే గుండె ఆగిపోయింది. జబ్బూ లేదు, జ్వరమూ లేదు. ఇంకా రిటైర్ కూడా కాలేదు.

నా బుర్రకి ఇప్పటికీ ఎక్కట్లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మాది రక్తసంబంధం కాదు. ఇద్దరం రైల్వేలో పనిచేసేవాళ్లం. అసలు మా పరిచయమే ఒక పెద్ద గొడవలో మొదలైంది.

భర్త చనిపోయాక ఆయన ఉద్యోగం అక్కకి వచ్చింది. తెనాలికీ ఒంగోలుకీ మధ్య ఒక చిన్న స్టేషన్‌లో లీవర్ కేబిన్. మెట్లెక్కి వెళ్తే పైన గది, అందులో వరసగా ఇనుప లీవర్లు. ఒకటి లాగితే దూరంగా సిగ్నల్ చెయ్యి వాలుతుంది, ఇంకోటి లాగితే పట్టాలు మారతాయి. ఆడమనిషి లీవర్ లాగుతుంటే మొదట్లో జనం కింద నిలబడి వింతగా చూసేవారట.

తొంభైలు అయిపోతున్న రోజులు. కొత్త ప్యానెల్ బిగించడానికి మా సిగ్నల్ గ్యాంగ్ ఆ స్టేషన్‌కి వెళ్లింది. ఇక లీవర్లు ఉండవు. స్టేషన్ మాస్టర్ తన గదిలోనే కూర్చుని బటన్ నొక్కితే చాలు.

కేబిన్ మూసేసి, అందులో వాళ్లని దూరం బదిలీ చేస్తామన్నారు. అక్కని గిద్దలూరు అవతలికి వెళ్లమన్నారు. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు. పదో తరగతి చదివే గ్రేస్.

మా లైన్‌లో కేబిన్ల వాళ్లు సమ్మెకి దిగారు.

మిర్చి కోతల కాలం. మాడిపోయే ఎండ. పాసింజర్ బండి ఆ స్టేషన్‌లోనే ఆగిపోయింది. నిండా కోతలకి పోయే కూలీలు, గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లే రైతులు, పరీక్షలున్న పిల్లలు. తాగడానికి నీళ్లు లేవు. కాసేపటికి జనమంతా కేబిన్ కిందకి చేరి, గవర్నమెంటు జీతాలు తింటూ మా కడుపులు కొడతారా అని తిట్లు అందుకున్నారు. తర్వాత రాళ్లు. కేబిన్ అద్దాలు పగిలాయి.

మేం స్టేషన్ గదిలో తలుపు వేసుకుని కిటికీలోంచి చూస్తున్నాం.

అక్క ఒక్కతే మెట్లు దిగి వస్తోంది. తనతో పనిచేసే సుబ్బారావు గారు వద్దని చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది. సగం మెట్లు దిగిందో లేదో, ఒక రాయి వచ్చి కనుబొమ్మకి తగిలింది. మొహమంతా రక్తం.

ముందు వరసలో వాళ్లు ఒకడుగు వెనక్కి వేశారు.

అక్క కొంగుతో దెబ్బ అదిమిపట్టి, అరవకుండా, అందరికీ వినపడేలా అంది.

"బటన్లు వద్దని మేం అనట్లేదయ్యా. రానీండి. ఆ పనేదో మాకూ నేర్పండి, మమ్మల్ని ఇక్కడే ఉండనీండి అంటున్నాం. మీ పొలం తీసేసుకుని వేరే ఊరెళ్లి దున్నుకోమంటే మీరు ఊరుకుంటారా?"

కూలీల్లోంచి ఒక పెద్దావిడ ముందుకొచ్చి, తన తలకి చుట్టుకున్న గుడ్డ విప్పి అక్క నుదుటికి కట్టింది. "ఆ గుడ్డకున్న మిర్చి ఘాటుకి రాయి దెబ్బే నయమనిపించింది రా" అని అక్క ఎన్నిసార్లు చెప్పి నవ్వేదో.

తిట్టేవాళ్లు తిడుతూనే ఉన్నారు. కానీ ఇంకో రాయి మాత్రం పడలేదు.

నేను భయపడుతూనే ఫస్ట్ ఎయిడ్ పెట్టె పట్టుకెళ్లాను. నన్ను ఎగాదిగా చూసి, ఆ కొత్త మిషను బిగించేది నువ్వేనా, అది నేర్చుకోవాలంటే ఎంత చదువు కావాలి అని అడిగింది.

రక్తం ఇంకా కారుతూనే ఉంది. నేను పెట్టెలోంచి దూది తీసి తుడవడం మొదలుపెట్టాను.

సమ్మె సగం గెలిచింది. పరీక్ష పాసైనవాళ్లని మా సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లోకి తీసుకుంటామన్నారు. మిగతావాళ్లకి బదిలీ తప్పలేదు. అక్క గ్రేస్ సైన్సు పుస్తకం ముందేసుకుంది. కరెంటు పాఠం తల్లీకూతుళ్లు కలిసి చదివారు, అర్థం కానిచోట కొట్టుకున్నారు కూడా. ఇద్దరూ పాసయ్యారు.

అక్క మా గ్యాంగ్‌లోకే వచ్చింది. వానలో సిగ్నల్ పోయి బళ్లు ఆగిపోతే, ప్లాట్‌ఫాం మీద జనం మమ్మల్ని తిడుతుంటే, నాకు కోపం వచ్చేది. తనకి వచ్చేది కాదు. వాళ్లకి ఎక్కడికెళ్లే తొందర ఉందో మనకేం తెలుసు, ముందు పని చూడు అనేది.

సుబ్బారావు గారు పరీక్ష రాయలేదు. మన పొట్ట కొట్టినవాళ్లతోనే చేరావా అని అక్కతో మాట మానేసి, గిద్దలూరు వైపు వెళ్లిపోయారు. ప్రతి క్రిస్మస్‌కీ అక్క ఆయనకి కేకు పంపేది. జవాబు వచ్చేది కాదు. రాయి దెబ్బ గురించి నవ్వుతూ చెప్పే మనిషి, ఈ మాట వస్తే లేచి వేరే పని చూసుకునేది.

ఈ పొద్దున సుబ్బారావు గారు అక్క ఇంటికి వచ్చారు. గుమ్మం దగ్గరే కూలబడిపోయారు.

"పోయిన వారం మీ అమ్మ ఫోన్ చేసిందమ్మా. నేను తియ్యలేదు" అన్నారు గ్రేస్‌తో.

గ్రేస్ ఆయన పక్కనే కింద కూర్చుంది.

"మీరు తియ్యరని అమ్మకి తెలుసు పెదనాన్నా. అయినా చేస్తూనే ఉండేది."

ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి, అక్క దగ్గరికి తీసుకెళ్లింది.

సాయంత్రం చర్చి వెనక సమాధి. మన లైన్‌లో వాళ్లు డ్యూటీలు సర్దుకుని వచ్చేయండి.

వెళ్లిరా అక్కా. ఇక నిన్ను ఎవరూ డ్యూటీకి లేపరు. ఆ ప్రభువు ఒడిలో హాయిగా నిద్రపో.