సత్తు గ్లాసులు

డెబ్బైల చివర్లో, ఒక ఎండాకాలం, గుడివాడలో బందరు పాసింజరు ఎక్కాను. ఎదురుగా కూర్చున్న నడివయసు ఆవిడ ఒళ్ళో మూట, రైలు కుదిపినప్పుడల్లా గలగలమంటోంది. అన్నీ కొత్త సత్తు గ్లాసులు.

“పెళ్ళికా అమ్మా?” అన్నాను.

“కాదండీ. చేలల్లో పురుగుమందు కొట్టే మా పేటోళ్ళకి. రైతులు మాకు గ్లాసివ్వరు కదండీ, నీళ్ళు పైనించి దోసిట్లో పోస్తారు. అయ్యేమో మందు కలిపిన చేతులు. మా తమ్ముడు అట్టా తాగే పోయాడు.”

“చేతులు కడుక్కోవచ్చుగా?”

“చేల పక్కన పారే బోదె నీళ్ళలోనూ ఆ మందేనండీ. రేపట్నించి గ్లాసులో పోస్తేనే మందు పంపు భుజానికెత్తుతాం. పేటంతా ఒకటే మాట.”

రైలు వేళ చెప్పినట్టు చెప్పింది.

గుడ్లవల్లేరులో చలివేంద్రం మనిషి కడవతో మా పెట్టె దగ్గరికి వచ్చాడు. దాహంగా ఉండి, గుమ్మంలో వంగి దోసిలి పట్టాను. నీళ్ళు పడేలోపే ఆమె వెనకనించి వచ్చి నా చేతుల్లో ఒక గ్లాసు పెట్టింది. తాగి ఇచ్చేశాను. చెంగుతో తుడిచి మళ్ళీ మూటలో పెట్టుకుంది.

తర్వాతి స్టేషన్‌లో దిగిపోయింది. మర్నాడు ఆ చేలల్లో ఏం జరిగిందో నాకు తెలియదు. ఎక్కడైనా దోసిలి పట్టాల్సి వస్తే మాత్రం, ఇప్పటికీ ముందు చేతులు వాసన చూసుకుంటాను.