బంపర్ కింద పోగు ముడి

భివండిలో మే నెల మిట్టమధ్యాహ్నం, మా బావ కారు బయట మైనస్ నలభై డిగ్రీల చలి ఉందని చెప్పేది. స్పీడు మీటరు పక్కన పచ్చటి అంకెల్లో. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎవరో ఏళ్ల తరబడి వాడి వదిలేసిన ఆ విదేశీ కారును ఆయన ముంబైలో కొన్నాడు.

అంకె ఒక్కటే తప్పయితే నవ్వి ఊరుకోవచ్చు. బయట అంత చలి ఉందని నమ్మిన కారు ఏసీని నడవనివ్వడం లేదు. నిజాంపురా మెకానిక్ బానెట్ అయినా ఎత్తకుండా, మీటరు బోర్డు మొత్తం మార్చాలన్నాడు. బావ అంతదూరం కూడా పోలేదు. నెల కిందట చేరిన డ్రైవరు చెయ్యి మంచిది కాదని తేల్చేశాడు. కార్ఖానా పూజలకు వచ్చే అయ్యగారు అవునని తలూపాడు. శనివారంలోగా డ్రైవరు పని మానుకోవాలి, కార్ఖానా వెనక ఉండడానికి ఇచ్చిన ఒంటిగది ఖోలీ కూడా ఖాళీ చేయాలి. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చినవాడు, ఊళ్లో సెంటు భూమి లేదు, భార్య నిండు నెలల మనిషి.

కార్ఖానాలో ఇరవై సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే బావ, సాంచె ఆగితే మోటారు చూస్తాడు, బెల్టు చూస్తాడు. కారు చెడితే మాత్రం ఎవడి చెయ్యి పడిందో చూస్తాడు. అదే అడిగాను.

"కొందరి చెయ్యి గట్లనే ఉంటది బామ్మర్దీ. నీ పుస్తకాలల్ల గిసొంటియి రాయరు," అన్నాడు.

ఒక పుస్తకంలో రాసే ఉంది. కారుతో పాటు వచ్చినదే. కొన్నరోజు పూజలో దాని అట్టకు కుంకుమ పెట్టారు, పేజీ మాత్రం ఎవరూ తిప్పలేదు. బయటి వేడిని కొలిచే సెన్సరు ముందు బంపర్ వెనక ఉంటుందని అందులో బొమ్మతో సహా ఉంది.

గోనె పరుచుకుని కారు కిందికి దూరాను. శనగగింజంత సెన్సరు, దానికి రెండు సన్నటి తీగలు. ఒక తీగకు ఎండిన నిమ్మకాయ, మిరపకాయలు దారంతో వేలాడుతున్నాయి. ఆ బరువుకు తీగ తెగింది. తెగిన చోట, పైన ప్లాస్టిక్ తొడుగు తీయకుండానే, రెండు కొసలూ కలిపి ముడేశారు. లోపలి రాగి రాగిని తాకనే లేదు. కానీ ముడి ఎంత ముచ్చటగా ఉందో!

నిమ్మకాయ ఎవరు కడతారని డ్రైవర్ని అడిగాను. అతను బావ వైపు చూసి తల దించుకున్నాడు.

"సేటే కడ్తడు సార్. నన్ను ముట్టనియ్యడు."

ఆ ముడి తనదని బావ ఒప్పుకోలేదు. తీగ తెంపినవాడే ముడేసి దాచాడన్నాడు. నేను కార్ఖానాలోంచి రెండు నూలు పోగులు తెచ్చి, కలిపి ముడెయ్యమని డ్రైవరు చేతికిచ్చాను. లారీ మీద తాడు కట్టిన చేతులు అవి, సాంచె ముట్టింది లేదు. బఠానీ గింజంత ముడేశాడు.

బావ పకపకా నవ్వాడు. "ఏందిరా అది? గట్ల కడితే సాంచె ఫన్నె పండ్ల సందుల నుంచి పోతదా పోగు?" అంటూ లాక్కుని, రెండు వేళ్లతో రెప్పపాటులో సన్నటి ముడేసి చూపించాడు.

దాన్ని తీసుకెళ్లి తీగ మీది ముడి పక్కన పెట్టాను. బావ రెండింటినీ చూశాడు. రెండూ ఒకే అచ్చు, నేతగాడి ముడి.

ముడి కోసి, తొడుగు గీకి, రాగి కొసలు మెలేసి టేపు చుట్టాను. బండి తీసినా అంకె వెంటనే కదలలేదు. తన మాటే నెగ్గిందని బావ ముఖంలోకి మళ్లీ ప్రాణం వచ్చింది. కాశేలి దారి పట్టాక నలభై ఒకటి చూపించింది. ఏసీ చల్లగా ముఖానికి కొట్టింది.

"దిష్టంతా తీగ మీదికి పోయింది, లేకుంటె నాకు తగులుతుండె," అన్నాడు బావ. నూలు వ్యాపారంలో ఎవరూ మోసం చేయలేని మనిషి, ఆ మాట తనకు తానే చెప్పుకుని నమ్మేశాడు. తర్వాత డ్రైవరుతో, "నీ చెయ్యి మంచిదేరా. శనివారం నుంచి నిమ్మకాయ నువ్వే కట్టు," అన్నాడు.

క్షమాపణ అనే మాట ఆ కారులో ఎవరికీ తట్టలేదు.

తిరిగి వచ్చాక డ్రైవరు నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "యాడ కట్టాలె సార్?"

వాదించడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. అతనికి ఖోలీ కావాలి. వంగి, నంబరు ప్లేటు బోల్టు చూపించాను.