బ్లాక్ ఎంత, వైట్ ఎంత

అమెరికాలో, ఎడిసన్ అనే ఊళ్ళో మా చెల్లెలి ఇంటి బేస్‌మెంట్‌లో కొన్నేళ్ళున్నాను. అది నర్సు. నాకు గ్రీన్ కార్డు రావడం దాని చలవే. అన్నం పెట్టింది, దుప్పటి ఇచ్చింది, ఎండుమిరపకాయలు మాత్రం వేయించనివ్వలేదు. బాణలి పొయ్యి మీద పెట్టీ పెట్టకముందే సీలింగుకున్న పొగ అలారం కూసేది, వెంటనే మా మరిది దగ్గు అందుకునేవాడు. అలారానికి బ్యాటరీ తీస్తే ఊరుకునేది. అతనికి ఆ సౌకర్యం లేదు.

అందుకని ఇల్లు కొనుక్కుందామనుకున్నాను. గుంటూరు దగ్గర మిరప చేను అమ్మిన డబ్బుంది, ఇక్కడ ఓక్ ట్రీ రోడ్డు మీద హోటలు వంటింట్లో సంపాదించింది కొంత ఉంది. పరాయి దేశపుదాన్ని, నాకు అమ్ముతారా అని చెల్లెల్ని అడిగాను. ఎవరికైనా అమ్ముతారు, ఇంటి పన్ను కూడా అందరి దగ్గరా ఒకేలా తీసుకుంటారు అంది. ఓటు మాత్రం ఇవ్వరట. పోనీలే, ఏదో ఒకదాంట్లో నన్ను వాళ్ళతో సమానంగా చూశారు.

చూసిన ఇల్లు చిన్నదే. టౌన్‌హౌస్ అంటారు, అటు గోడ ఒకరిది, ఇటు గోడ ఇంకొకరిది. కానీ వంటింటికి పెద్ద కిటికీ ఉంది. అది చూశాక మిగతా గదులు సరిగ్గా చూడనేలేదు.

ఖర్చు ఇంటి ధరతో ఆగదని తర్వాత తెలిసింది. ఇల్లు నిలబడి ఉందో లేదో చూసి చెప్పే మనిషికి ఫీజు. లాయరుకు సరేసరి. అమ్మే మనిషి నిజంగా ఓనరో కాదోనని దానికో ఇన్సూరెన్సు. మా వైపు అలాంటి అనుమానం వస్తే ఇల్లే కొనరు, వీళ్ళు అనుమానానికి ప్రీమియం కడతారు. ఇవన్నీ కలిపి క్లోజింగ్ కాస్ట్స్. ఏం క్లోజ్ అవుతుందో అడక్కూడదు.

నేను అక్షరాలు దిద్దింది నలభై దాటాక, మా ఊరి రాత్రి బడిలో. ఇంగ్లీషు అక్షరాలు ఇక్కడి లైబ్రరీలో. కష్టపడి నేర్చుకున్నాను కాబట్టి నా ఇంగ్లీషు మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఇల్లమ్మే ఆవిడ రిటైరైన టీచరు, నల్లజాతి మనిషి. రెండోసారి వెళ్ళినప్పుడు నన్నూ చెల్లెల్నీ ఏజెంటునీ వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి టీ ఇచ్చింది. బేరం నడుస్తోంది. మా చేను అమ్మినప్పుడు కాగితాల మీద రాసింది కొంత, చాటుగా చేతికొచ్చింది కొంత. రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గాలని అక్కడ అందరూ చేసేదే. కాగితాల మీదది వైట్, చేతికొచ్చింది బ్లాక్. ఇంత ముఖ్యమైన సంగతి చెల్లెలు ఎత్తదేమిటని నేనే అడిగాను, ఇంగ్లీషులోనే.

"హౌ మచ్ బ్లాక్, హౌ మచ్ వైట్?"

ఏజెంటు ముఖం కందిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి చట్టం ఒప్పుకోదని గొణిగాడు. మా దగ్గర మాత్రం ఒప్పుకుంటుందా? మొహమాటపడుతున్నాడనుకుని ధైర్యం చెప్పాను.

"ఐ లైక్ మోర్ బ్లాక్. టూ మచ్ వైట్, బిగ్ టాక్స్."

ఆవిడ కప్పు కింద పెట్టేసింది. చెల్లెలు నా జబ్బ పట్టుకుని కారులోకి లాక్కొచ్చింది.

"చుట్టుపక్కల నల్లవాళ్ళెంతమంది, తెల్లవాళ్ళెంతమంది అని ఆవిడ ముఖం మీదే అడిగావక్కా. ఇక్కడ ఏజెంట్లు అది చెప్పడమే నేరం."

"నేనడిగింది డబ్బు సంగతి కదే."

"అది చెప్తే ఇంకా మంచిది. జైల్లో పెడతారు."

ఇంకెవరో కూడా కొంటామంటున్నారు, ఈ ఇంటి సంగతి మరిచిపో అంది. ఇంటిని మరిచిపోగలను గానీ కిటికీని ఎలా మరిచిపోను? పైగా, టీ ఇచ్చిన మనిషిని అంత మాట అని వెళ్ళిపోవడం నాకు నచ్చలేదు. కారు దిగి మళ్ళీ తలుపు తట్టాను.

"మనీ," అన్నాను. "బ్లాక్ మనీ. పేపర్ ప్రైస్ స్మాల్, టాక్స్ స్మాల్. నాట్ పీపుల్."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత ఒకటో తరగతి పిల్లకు చెప్పినట్టు నిదానంగా మాట్లాడింది. నాకు అర్థమైనంతలో అన్నది ఇదీ:

"అయితే నువ్వు నన్ను అవమానించడానికి రాలేదు. గవర్నమెంటును మోసం చేయడానికి వచ్చావు. లోపలికి రా."

మళ్ళీ టీ పెట్టింది. ఇక్కడంతా వైటేనని చెప్పింది. కొన్నాక కూడా గవర్నమెంటు వదలదట, మూడు నెలలకోసారి ఇంటి పన్ను కట్టాలట, అందులో ఎక్కువ భాగం బడికేనట. తను ఉద్యోగమంతా ఈ ఊరి బడిలోనే చేసిందట. "నువ్వు ఎగ్గొడదామని చూసింది నా జీతం," అంది నవ్వుతూనే.

ఇల్లు నాకే అమ్మింది. ధర ఒక్క డాలరు తగ్గించలేదు.

పన్ను బిల్లు మొదటిసారి వచ్చిన రోజు కూడబలుక్కుని చదివాను. అన్నిటికంటే పెద్ద అంకె స్కూల్ అన్న మాటకు ఎదురుగా ఉంది. పగటిపూట బడి గడప తొక్కనిదాన్ని, ఊళ్ళో పిల్లలందరికీ ఫీజు కట్టేదాన్నయ్యాను. ఆ పూటే కిటికీ బార్లా తెరిచి, బాణలి పెట్టి, దోసెడు మిరపకాయలు వేయించాను. అలారం కూసింది. దగ్గేవాళ్ళెవరూ లేరు. కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారాయి. ఘాటుకో, బిల్లుకో చెప్పలేను.