పొయ్యి వెలిగించని పొద్దు

మార్కాపురంలో మేమున్న వీధిలో తొమ్మిది ఇళ్లుండేవి. పొద్దున్నే తొమ్మిది ఇళ్లకూ నిప్పు మా పొయ్యిలోంచే పోయేది. ఇందులో నా గొప్పేమీ లేదు. యుద్ధం రోజులు. అగ్గిపెట్టె దొరకడమే కష్టం, దొరికినా పురిటికో పెళ్లికో అన్నట్టు దాచుకునేవాళ్లు. ఎవరి పొయ్యి ముందు రాజితే వాళ్లింటికి తక్కినవాళ్లు పిడక ముక్క పట్టుకొని వచ్చి, అంచుకు నిప్పంటించుకొని, ఊదుకుంటూ పోయేవాళ్లు. వీధిలో అందరికన్నా ముందు లేవాల్సిన రాత నాది కాబట్టి, నిప్పూ నాదే అయింది.

నేను ఆడపిల్లల బోర్డు బడిలో పంతులమ్మను. హెడ్మిస్ట్రెస్‌ను కూడా. ఉన్నదే ఇద్దరం, ఎవరో ఒకరు కాక తప్పదు. అంతకుముందు మద్రాసులో బి.ఏ. చదివాను. అక్కడ తర్కశాస్త్రం చెప్పారు, ఇంగ్లండు రాజుల వరస చెప్పారు. చీకటితో లేచి వాకిలి చిమ్మి, కళ్లాపి చల్లి, ముగ్గేసి, బిందెలు తోమి, అన్నమూ పప్పూ పులుసూ వండి, నాలుగేళ్ల పిల్లకు జడలేసి, ఏడింటికల్లా ఒంటిపూట బడి గంట కొట్టించడం ఎట్లాగో మాత్రం సిలబస్‌లో లేదు.

మా ఆయన గిద్దలూరులో అడవి ఆఫీసు గుమాస్తా. శనివారం సాయంత్రం రైల్లో వచ్చి, సోమవారం పోయేవారు. నల్లమలలో ఏ పులి ఏ వాగులో నీళ్లు తాగుతుందో ఆయనకు తెలుసు. మా ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో తెలీదు.

అమ్మాయిని నాతోపాటే బడికి తీసుకుపోయేదాన్ని. హాజరు పట్టీలో పేరు లేని పిల్ల అదొక్కతే. రోజూ తప్పకుండా బడికొచ్చే పిల్లా అదొక్కతే. ఆ ఏడు సంక్రాంతి వెళ్లిన కొత్తలో మా అత్త పామూరు నుంచి వచ్చి, నేరుగా బడికే వచ్చింది. అప్పటికి మా పిల్ల ఒకటో తరగతి చాప మీద కూర్చొని బలపం కొరుక్కు తింటోంది.

"అన్నం పెట్టేదానికి తీరిక లేక బిడ్డకు రాళ్లు మేపుతుండావా?" అన్నది మా అత్త.

"రాయి కాదత్తా, బలపం. పలకల ఊరు కదా, ఇక్కడ పిల్లలందరూ తింటారు."

"అందురి తల్లులూ ఉజ్జోగం చేస్తుండారా?"

దీనికి తర్కశాస్త్రంలో జవాబుంది. అయితే అది అత్తలకు వర్తించదు.

పోయేటప్పుడు ఆమె గొంతు పెంచకుండా ఒక మాట చెప్పింది. "ఉగాదికి వస్తా. అప్పటికీ నీ సంసారం ఇట్లనే ఉంటే పిల్లను నాతో పంపించు. ఆడ బర్రెలుండాయి, పాలుండాయి, చూసుకునేదానికి నేనుండా. నీ ఉజ్జోగం నువ్వు చేసుకో."

కోపంగా అని ఉంటే పోట్లాడేదాన్ని. ఆమె నా మేలు కోరి అన్నది, అందుకే భయమేసింది. శనివారం మా ఆయనతో చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "అమ్మ చెప్పిందీ నిజమే, నువ్వు చెప్పేదీ నిజమే" అన్నారు. ఫైళ్ల మీదా ఇట్లాగే రాసేవారేమో, పై అధికారులకు ఆయనంటే మహా ఇష్టం.

పిల్లను పంపడం నా వల్ల కాదు. బడి మానడమూ నా వల్ల కాదు. ఇక మిగిలింది ఇల్లు. ఒక ఆదివారం కూర్చొని, నేను చేసే పనుల్లో చెయ్యకపోతే కొంపలు మునగనివి ఏవా అని వెతికాను. ఇత్తడి బిందెలు అటకెక్కాయి, మట్టి కుండలు దిగాయి. కంచాలు పోయి విస్తరాకులు వచ్చాయి. చుక్కల ముగ్గు నాలుగు గీతలకు దిగింది. అమ్మాయి జుట్టు భుజాల దాకా కత్తిరించాను. ఇన్ని చేసినా నా నిద్ర పావుగంట కంటే పెరగలేదు. అసలు దొంగ పొయ్యి అని అప్పుడు తెలిసింది.

ఎదురింటి అవ్వ రాచర్ల వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ గొర్రెల కాపరుల మనిషి. వాళ్లింట్లో పిల్లలు పొద్దున్నే సద్దే తినేవాళ్లు. మాపటి జొన్న సంగటి నీళ్లలో నానేసి, తెల్లారి మజ్జిగ పోసి పిసికి, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగేవాళ్లు. ఆ పిల్లల్లో ఒక్కడూ బక్కగా లేడు. నేనూ అట్లాగే చేస్తే పొద్దున పొయ్యి జోలికే పోనక్కర్లేదు. ఉగాది ఇంకా పది రోజులుందనగా మొదలుపెట్టాను.

మొదటి రోజు తెల్లవారి, ఎన్నాళ్లకో, కోడి కూసిన తర్వాత లేచాను. వాకిట్లో అవ్వ పిడక పట్టుకొని నిలబడి ఉంది.

"ఏమ్మీ, నిప్పు పెట్టు."

"నిప్పు లేదవ్వా. ఈ పొద్దు పొయ్యి వెలిగించలేదు."

ఆ ప్రాంతంలో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు, దీపం ఆరితే కొండెక్కిందంటారు. చెడ్డ మాటను ఉన్నదున్నట్టు అనరు. పొయ్యి వెలిగించలేదన్న మాటను మాత్రం అట్లాగే అంటారు, ఇంట్లో మనిషి పోయిన రోజున. ఈ సంగతి నాకు తెలీక కాదు. గంటన్నర ఎక్కువ నిద్రపోయిన సంతోషంలో నోరు జారాను.

అవ్వ నా మొహంలోకి చూసింది. పిడక కింద పెట్టి, నా చెంప నిమిరి పోయింది. ముసలామెకు నా మీద ఎంత ప్రేమో అనుకున్నాను.

కాసేపటికి ఆడవాళ్లు రావడం మొదలైంది. ఒకామె చెంబుతో మజ్జిగ తెచ్చింది, ఒకామె గుడ్డలో చుట్టి జొన్న రొట్టెలు, ఇంకొకామె పప్పుకుండ. అందరూ అరుగు మీద, వాకిట్లో, తలొంచుకొని కూర్చున్నారు. నేను లోపల అమ్మాయి తలకు ఆముదం రాస్తూ వాళ్ల గుసగుసలు సగం సగంగా విన్నాను.

"టెలిగ్రాం వచ్చిందంటనా?"

"వచ్చే ఉంటాది."

"పులంట."

"ఎవురు చెప్పినారు?"

"అడివిలో ఉజ్జోగం. ఇంకేముంటాదక్కా?"

ఎవరికో ఏదో అయిందని మాత్రం అర్థమైంది. బడికి టైమవుతోంది, సాయంత్రం వచ్చి పలకరిద్దామనుకున్నాను.

"చూడు, పిల్లకు తల దువ్వుతాంది."

"సదువుకున్నోళ్లు ఏడవరంట."

"ఏడిస్తే మేలు. లోపలే పెట్టుకుంటే మతి పోతాది."

అవ్వ లోపలికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "ఏడువమ్మీ. అందురూ మనోళ్లే."

"ఎందుకు ఏడవాలవ్వా?"

ఈ మాటకు అవ్వే భోరుమంది. ఆమెతోపాటు వాకిలంతా.

సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో బండి ఆగింది. ఉగాదికి వస్తానన్న మనిషి, ఎండలు ముదరక ముందే వద్దామని ముందుగా బయల్దేరి వచ్చింది. బండి దిగుతూనే మా అత్తకు కనిపించినవి కొడుకింటి ముందర గుమిగూడిన ఆడవాళ్లు, పరాయి ఇళ్ల గిన్నెలు, పొగ లేని పైకప్పు. ఆమె చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. ఇట్లాంటి వాకిలి ఆమె ఒకసారి చూసింది. ఎవరినీ ఏమీ అడగలేదు. "నాయనా!" అని ఒక్క కేక పెట్టి వీధిలోనే కూలబడింది.

బి.ఏ. చదివినదాన్ని కాబట్టి నాకు అప్పుడు అర్థమైంది. నూనె చేతులతో పరుగెత్తాను.

"అత్తా! ఎవరూ పోలేదు! పొయ్యి వెలిగించలేదు, అంతే!"

"నా కొడుకు?"

"గిద్దలూరులో ఉన్నారు. శనివారం వస్తారు."

మా అత్త కళ్లు తుడుచుకొని లేచింది. మొదట ఆమె చెయ్యి నా భుజం మీద పడింది, ఆసరా కోసం. ఆ తర్వాత మాట వచ్చింది.

"నా కొడుకు బతికుండంగానే పొయ్యి ఆర్పినావా! ఏందే నీ ధైర్యం!"

వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచారు. మా ఆయన బతికున్నందుకు అందరికీ సంతోషమే. కానీ పొద్దున్నే అంత ఏడుపు ఏడ్చి ఊరికే పోవడం ఎవరికైనా కొంచెం కష్టంగానే ఉంటుంది. తెచ్చిన గిన్నెలు వెనక్కి తీసుకుపోకూడదన్నారు. మా అమ్మాయి రెండు రొట్టెలు తిన్నది.

నేను బడికి బయల్దేరుతుంటే మా అత్త నా వైపు చూడకుండా అన్నది. "చూసినా గదా నీ సంసారం. పండగ పోనీ. పిల్లను తీసకపోతా." ఈసారి పంపించు అని కూడా అనలేదు.

మర్నాటి నుంచి ఆమే పొయ్యి రాజేసింది. వీధికి మళ్లీ మా ఇంటి నుంచే నిప్పు పోయింది. వరి అన్నం, వేడి పప్పు, చారు. "మేమంటే సేద్యగాళ్లం, సద్ది తిన్నాం. ఉజ్జోగస్తుల బిడ్డ సద్ది తినేదేంది?" అని అందరికీ చెప్పింది. అమ్మాయిని బడికి పంపకుండా తనతోనే ఉంచుకుంది. నేను మధ్యాహ్నం వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉండేది. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క బాధగా ఉండేది.

ఆరో రోజో ఏడో రోజో, పొయ్యి ముందు కూర్చుంటే తల తిరుగుతోందన్నది. నేను వండుతానన్నాను. "బడికి పో" అన్నది. ఆ మధ్యాహ్నం వచ్చి చూస్తే పొయ్యి చల్లగా ఉంది. నా కోసం రాత్రి నానేసుకున్న సద్ది కుండ ఖాళీ. ఎప్పుడు ఖాళీ అయిందో నేను అడగలేదు. మర్నాడూ అంతే. నిప్పు బాధ్యత అవ్వ తీసుకుంది. బూడిద కింద రవ్వలు దాచి పెట్టుకొని, "పంతులమ్మ పొయ్యిని నమ్ముకుంటే ఈదంతా పస్తే" అని అందరికీ తనే పంచింది.

ఒక రోజు బడి తొందరగా వదిలి ఇంటికొచ్చాను. అరుగు మీద అత్తా అవ్వా కూర్చొని ఉన్నారు. నన్ను చూడలేదు.

"నలభై ఏండ్లు ఇల్లు నడిపినా వదినా," అంటోంది మా అత్త. "పొద్దున పూట ఎండ వాకిట్లోకి ఎట్ల వస్తాదో ఈ యాడాదే చూసినా."

"ఎట్ల వచ్చింది?" అన్నది అవ్వ.

"మెల్లిగా వచ్చింది."

గోడ చాటునే కాసేపు నిలబడి, చెప్పులు చప్పుడు చేసుకుంటూ లోపలికి పోయాను.

కానీ ఆమె మాట మారలేదు. ఉగాది అయింది. ఆ తర్వాతి బుధవారం తెల్లవారి లేచేసరికి గోడ పక్కన మూట ఉంది. ఆమె చీరల మధ్య మా అమ్మాయి పరికిణీలు మడతపెట్టి ఉన్నాయి. అమ్మాయి నిద్రపోతోంది. లేపితే నేను బడికి పోలేనని తెలుసు. లేపకుండా పోయాను.

అప్పట్లో పెట్రోలు లేక బస్సులు బొగ్గు మీద నడిచేవి. బస్సు వెనక ఇనప పొయ్యి, దానికొక చక్రం. క్లీనరు అరగంట సేపు ఆ చక్రం తిప్పితే గానీ ఇంజను లేవదు. ఆ చప్పుడు ఊరంతా వినిపించేది. బడి గంట కొట్టగానే చక్రం తిరగడం విన్నాను. రెండో తరగతికి ఉక్తలేఖనం చెబుతున్నాను. చెప్పిన వాక్యమే మూడుసార్లు చెప్పాను. పిల్లలు మూడుసార్లూ రాసుకున్నారు. వాళ్ల మర్యాద అట్లాంటిది. తర్వాత బస్సు బడి ముందు నుంచే పోయింది. కిటికీలోంచి చూడలేదు.

మధ్యాహ్నం ఎండలో ఇంటికి నడిచాను. అరుగు మీద మా అత్త, ఆమె ఒళ్లో తల పెట్టుకొని మా అమ్మాయి.

"బస్సు పోయిందమ్మాయ్," అన్నది మా అత్త.

"ఎట్ల పోయిందత్తా?"

"నాకు చెప్పకుండా పోయింది."

అరగంట సేపు ఊరందరినీ పిలిచి, పొగ చిమ్మి, కదలలేక కదిలే బస్సును తప్పిపోవాలంటే మనిషికి చాలా పట్టుదల ఉండాలి. లోపలికి పోయి చూశాను. మూట విప్పేసి ఉంది. పరికిణీలు మళ్లీ దండెం మీద ఉన్నాయి.

బయటికొచ్చి, నోరు ఊరుకోక, "ఎల్లుండి మళ్లీ ఉందత్తా బస్సు" అన్నాను.

"శుక్రారం ఆడబిడ్డను గడప దాటిస్తారా ఎవురన్నా? అంత సదివినావు, ఈ మాత్రం తెలవదా?"

"సోమవారం?"

ఆమెకు వినిపించలేదు. అవ్వకు వినిపించి నవ్వింది.

సోమవారం పొద్దున్నే, మా ఆయన రైలుకు పోయాక, మేం ముగ్గురం బస్సు దగ్గరికి పోయాం. మా అత్త ఒక్కతే ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. క్లీనరు చక్రం తిప్పుతూనే ఉన్నాడు. ఇంజను ఎంతకీ లేవలేదు. చెప్పుకోవాల్సినవన్నీ మొదటి రెండు నిమిషాల్లోనే అయిపోయాయి. అమ్మాయి నా కొంగు పట్టుకొని ఉంది. మా అత్త దాని చేతి వైపు చాలాసేపు చూసింది.

"ఇంక పోండి," అన్నది చివరికి. "బడికి టైమైతాంది."

బస్సు కదిలేదాకా మేం పోలేదు. హెడ్మిస్ట్రెస్ ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. ఇద్దరమే కాబట్టి, అడిగేవాళ్లు ఎవరూ లేరు.