బావ కారులో టేపు మార్చిన రోజు

మొన్న మా అమ్మాయి కొత్త కారు కొనుక్కుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బాన్సువాడ నుంచి రుద్రూర్ దాకా తిప్పి తీసుకొచ్చింది. దారి పొడుగునా పాటలే. ఏ మీటా నొక్కలేదు, ఏదీ తిప్పలేదు, నోటితో అడిగితే చాలు ఎదురుగా ఉన్న అద్దం పలకలోంచి పాట వచ్చేస్తున్నది. ఇది నచ్చకపోతే తీసేసి వేరేది పెట్టుకోవచ్చా అని అడిగాను. ఇది కారుతో పాటే పుట్టింది నాన్నా, దీన్ని ఎవరూ ఊడదీయరు అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చి పడుకున్నాక మా బావే మనసులో మెదులుతూ ఉన్నాడు.

బావ అంటే మా అక్క భర్త. బిచ్కుంద రోడ్డులో మరో ఇద్దరితో కలిసి చిన్న రైస్ మిల్లు నడిపేవాడు. భాగస్తుడన్న పేరే గానీ పొద్దస్తమానం మిషన్ల దగ్గరే నిలబడేవాడు, బెల్టు తెగినా జల్లెడ చిరిగినా ఆయన చెయ్యి పడాల్సిందే. మిల్లు నడుస్తుంటే అక్కడ మనిషి మాట మనిషికి వినపడేది కాదు, అందరూ సైగలతోనే పని కానిచ్చేవారు. వడ్ల దుమ్ముకు ముక్కుకు రుమాలు కట్టుకునేవారు గానీ, చెవుల సంగతి ఎవరూ తలచుకునే రోజులు కావవి.

బావకు ఉన్న ఒకే ఒక్క సరదా భజన. శనివారం వచ్చిందంటే స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, సొంతూరు నస్రుల్లాబాద్‌కు వెళ్లి అక్కడి భజన బృందంలో కంచు తాళాలు వాయించేవాడు. పాడేవాళ్లు వేరే ఉన్నా, పాటను నడిపించేది బావ తాళాలే అని అక్కడి పెద్దవాళ్లు అనేవారు. ఒకసారి ఆ బృందం వాళ్లు తమ భజనను తామే క్యాసెట్టులో రికార్డు చేసుకున్నారు. ఆ క్యాసెట్టును బావ బీరువాలో బట్టల మడతల మధ్య దాచుకునేవాడు.

తొంభైలు గడిచిపోతున్న ఆ రోజుల్లోనే బావ ఒక పాత తెల్లకారు కొన్నాడు. అందులో కంపెనీ వాళ్లే బిగించిన టేపు ఒకటి ఉండేది. మొదటి రోజే ఆ భజన క్యాసెట్టు పెట్టి విని, మొహం చిన్నబుచ్చుకున్నాడు. డోలక్ వస్తున్నదట, హార్మోనియం వస్తున్నదట, తాళాలను మాత్రం టేపు మింగేస్తున్నదట. పాతబడ్డ టేపు, నిజమే అయ్యుంటుందని నేనూ అనుకున్నాను. నేనప్పుడు బిచ్కుందలో బడిపంతులును, ఆదివారాలు అక్కావాళ్లింట్లోనే గడిచేవి. కొన్నాళ్లకు బావ నిజామాబాద్ వెళ్లి కొత్త టేపు, దానితో పాటు తలుపుల్లో పెట్టే రెండు స్పీకర్లు తెచ్చాడు. బిగించడానికి మెకానిక్‌ను పిలుద్దామంటే ఒప్పుకోలేదు.

“గంత పెద్ద మిల్లును ఇప్పి బిగిస్తున్నం, గీ డబ్బా ఎంతరా. నువ్వు కాయితం చదువు, నేను బిగిస్త” అన్నాడు.

మా ఇద్దరిలో ఎవరికీ కారు టేపు గురించి ఓనమాలు తెలియవు. ఆ ఆదివారం మిల్లుకు సెలవు. మిల్లు ముందరి వడ్లు ఆరబోసే గచ్చు మీద కారు పెట్టి, తలుపులన్నీ బార్లా తెరిచి పనిలోకి దిగాం. పాత టేపు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రాన్ని లాగితే మూల విరిగింది. టేపు బయటికి రాదే. పెట్టెలో వచ్చిన రెండు సన్నటి రేకులను పక్కసందుల్లో దూర్చి నొక్కితే గానీ వదలదని కాగితంలో బొమ్మ చూశాక తెలిసింది. తీరా బయటికి లాగితే వెనక వైర్ల గుత్తి వేరు, కొత్తదాని గుత్తి వేరు, ఒకదానిలో ఒకటి పట్టవు. వైర్లు కత్తిరించి కలపడం తప్ప దారి కనపడలేదు. పసుపు వైరు బ్యాటరీకి, ఎరుపు వైరు తాళంచెవి తిప్పితే కరెంటు వచ్చేదానికి, నలుపు కారు ఒంటికి అని నేను చదువుతుంటే, బావ తల కిందికి, కాళ్లు సీటు మీదికి పెట్టుకుని ఒక్కొక్కటే మెలివేసి నల్లటేపు చుట్టాడు. బ్యాటరీ వైరు ముందే తీసిపెట్టమన్న ముక్క నేను చివర్న చదివాను. అప్పటికే చిటుక్కున మెరిసి ఫ్యూజు పోయింది. బావ పడీ పడీ నవ్వాడు. ఆయన్ను అంత సంతోషంగా నేను మళ్లీ చూడలేదు.

కొత్త ఫ్యూజు వేశాక టేపు మీద పచ్చదీపం వెలిగింది. బావ చేతులు కడుక్కుని వచ్చి, క్యాసెట్టును కళ్లకద్దుకుని లోపలికి తోశాడు. హార్మోనియం మొదలైంది, డోలక్ అందుకుంది, ఆ వెనకే తాళాలు, వెండిగజ్జెల్లా, ఎంత స్పష్టంగా వచ్చాయంటే నా ఒళ్లు జల్లుమంది. నేను బావ మొహంకేసి చూశాను. ఆయన తల ఒక పక్కకు వంచి ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. చెయ్యి చాచి సౌండు పెంచాడు. మళ్లీ పెంచాడు.

“తాళాలు ఏవిరా? డోలక్ వస్తుంది. నా తాళాలేవి?”

వైర్లు ఎక్కడైనా తారుమారయ్యాయేమో చూద్దామని నేనే అన్నాను. నాకు అర్థం కాక కాదు, ఆ అర్థమైనదాన్ని మనసు ఒప్పుకోలేక. స్పీకర్లు మళ్లీ ఊడదీశాం, వైర్లు ఇటువి అటు మార్చాం, మళ్లీ బిగించాం. ఈలోగా అక్క చాయ గ్లాసులు పట్టుకుని వచ్చింది. బావ సౌండు నిండా పెట్టి, వినిపిస్తున్నాయా అని ఆమెను అడిగాడు.

“గల్లు గల్లున ఇనవడ్తనే ఉన్నయి గద. జర తగ్గియ్యి, చెవులు పల్గుతున్నయి” అన్నది అక్క, చిరాకుగా, ఏమీ ఎరగక.

బావ టేపు ఆపేశాడు. నా వైపు తిరిగి, “నీకు గూడ ఇనవడ్తున్నయా?” అని అడిగాడు.

“ఇనవడ్తున్నయి బావా.”

“అయితే టేపు మంచిగనే ఉన్నదన్నట్టు” అన్నాడు. అంతే. గచ్చు మీద పడ్డ వైరు ముక్కలన్నీ ఏరి, పానాలు తుడిచి సంచిలో సర్దాడు. అక్క గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నిజామాబాద్ దవాఖానకు నేనే వెంట వెళ్లాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఏవో తగిలించి, చప్పుడు వినపడితే వేలెత్తమన్నారు. వాళ్లు మీట నొక్కినా ఆయన వేలు లేవనిసార్లను బయట నిలబడి నేను లెక్కపెట్టుకున్నాను. మిల్లు హోరుకు లోపలి నరాలు దెబ్బతిన్నాయనీ, తాళాల్లాంటి సన్నటి చప్పుళ్లే ముందు పోతాయనీ, పోయింది తిరిగి రాదనీ, మిల్లు మానేస్తే ఉన్నదైనా నిలుస్తుందనీ డాక్టరు చెప్పాడు. ఇద్దరు ఆడపిల్లలు కాలేజీల్లో ఉన్నారు, మిల్లు మానేసి ఏం చేస్తాడు. చెవి మిషన్ కొనిపెడితే, అది మిల్లు రొదనే ఇంకా పెద్దది చేసి చూపించిందని తీసి పక్కన పెట్టాడు.

భజన కూడా ఎక్కువ రోజులు సాగలేదు. ఒక శనివారం తాళం కాస్త వెనకబడిందట, పాడేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఆ పాట అయిపోగానే బావే తాళాలను పక్కవాళ్ల చేతిలో పెట్టి వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాడని అక్క చెప్పింది. కారులో మాత్రం మా కోసం ఆ క్యాసెట్టు పెట్టేవాడు. మీరు ఇనుండ్రి అనేవాడు. స్టీరింగు మీద ఆయన వేళ్లు దరువు వేస్తుండేవి. పాట ఒకచోట, ఆ వేళ్లు ఒకచోట. అక్క కిటికీలోంచి వరి పొలాలకేసి చూస్తూ కూర్చునేది.

తరవాత కొన్నేళ్లకు బోధన్ రోడ్డులో వెనకనుంచి వస్తున్న లారీ హారన్ బావకు వినపడలేదు, రెప్పపాటులో తప్పింది ప్రాణగండం. ఆ రోజు ఇంటికొచ్చి తాళంచెవి అక్క చేతిలో పెట్టినవాడు మళ్లీ అడగలేదు. కారు అమ్మేశారు, టేపు దాంతోనే వెళ్లిపోయింది.

బావ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ రోడ్డులో కొత్త మిల్లులు వచ్చాయి. మిషన్లన్నీ గోడల మాటున ఉంటాయి, పనిచేసే కుర్రాళ్లు చెవులకు డొప్పలు పెట్టుకుంటున్నారు. చూసినప్పుడు సంతోషంగానే ఉంటుంది. ఇంత దూదన్నా పెట్టుకొమ్మని ఆనాడు బావకు చెప్పినవాళ్లు ఒక్కరూ లేకపోయారే అన్న బాధ ఆ వెనకే వస్తుంది. మా తరంలో ఒంటికి జరిగే నష్టాన్ని కూడా పనిలో భాగమే అనుకుని బతికేశాం.

పెళ్లయిన కొత్తల్లో మా అక్క మాట పక్కగదికి కూడా వినపడేది కాదు. బావ కోసం గొంతు పెంచింది, పెంచుతూనే పోయింది. ఆయన పోయాక అది మళ్లీ తగ్గలేదు. ఇప్పుడు మనవలు, “అమ్మమ్మా, జర మెల్లగ మాట్లాడు” అంటుంటారు. ఆమె నొచ్చుకుని రెండు మాటలు మెల్లగా ఆడి, మళ్లీ మరచిపోతుంది. నేను వెళ్లినప్పుడు మాత్రం ఎదురుగా కూర్చుని, అంతే గట్టిగా మాట్లాడతాను.