నది ఒడ్డున గది

జూలై పన్నెండు, ఉదయం ఎనిమిది గంటలకు సికింద్రాబాద్‌లో సైనిక్‌పురి బస్సెక్కాను. హిమాలయాల్లో నర్సుగా చేరిన మా చెల్లెలు పంపిన కొత్త గది వీడియో చూస్తుంటే, పక్క సీటులోని పెద్దావిడ తొంగిచూశారు.

“కిటికీ కిందనే నదా? జెర ఫోన్ చెయ్ బిడ్డా, రాళ్లు దొర్లే సప్పుడైతుందా అడుగు. మా ఆయన మిలిటరీల ఉన్నప్పుడు గసొంటి ఒడ్డుకే ఉన్నం. ఒక్క రాత్రిల మా వంటిల్లు పోయింది.”

స్పీకర్ పెట్టి అడిగాను. చెల్లెలు నవ్వింది. “అవునన్నా, మంచం సుత వణుకుతది!”

కొండల్లో వేగంగా పారే యౌవనదశలోని నది రాళ్లను దొర్లిస్తూ అడుగును కోసి, ఒడ్డును కింది నుంచి తొలిచేస్తుందని, మా ఇంట్లో అందరికంటే ముందు డిగ్రీ చదివిన నేను భూగోళం పరీక్షలో రాశాను. ఆ ఒడ్డు మీద మా చెల్లెలు నిద్రపోతుందని ఊహించలేదు.

ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. “నవ్వుడు బంద్ చేసి బయటికి రమ్మను.”

ఆ పూటే చెల్లెలు గుట్ట మీది గదికి మారింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు అద్దెకు గది చూసినా, పక్కన ఏరు ఉందా అని అమ్మ ముందుగా అడుగుతుంది.